కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఆదివారం పౌరశాస్త్రం తరగతులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన మామూలు పనులు మీరు చూసినవే. పార్కు కంచె బాగు చేయించాం, వానలకు ముందు సైడు కాలువల్లో పూడిక తీయించాం, వినాయక చవితి ఎప్పటిలాగే జరిగింది. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో పెట్టాం. అనుమానాలుంటే కోశాధికారిని అడగండి.

ఇక ఆదివారం తరగతుల సంగతి. 6, 7, 8 తరగతుల పిల్లలకు కమ్యూనిటీ హాల్లో పౌరశాస్త్రం చెప్పించాలని పోయినేడు తీర్మానించినప్పుడు, "బళ్లో చెప్పేదే కదా, మళ్లీ ఎందుకు?" అని కొందరన్నారు. బళ్లో మార్కుల కోసం బట్టీ పట్టడం వేరు, వీధిలో పనికొచ్చేలా నేర్చుకోవడం వేరు. మా ఉద్దేశం ఆ రెండోది.

పాఠాలు చెప్పింది మన కాలనీలోనే ఉండే రిటైరైన సోషల్ మేడం. పైసా తీసుకోలేదు. మొదటి వారం ఆవిడ పుస్తకమే తెరవలేదు. కుళాయి నీళ్లు, వీధి లైటు, కరెంటు, చెత్త బండి అని బోర్డు మీద రాసి, ఏది ఎవరి బాధ్యతో ఎదురుగా రాయమన్నారు. తిరుపతి పిల్లలు కదా, చాలామంది అన్నిటికీ టీటీడీ అని రాసేశారు. ఒకడు చెత్త బండికి ముఖ్యమంత్రి పేరు రాశాడు! ఊళ్లోని ఫ్లైఓవర్ శ్రీనివాస సేతుకు టీటీడీ కూడా డబ్బు పెట్టింది కాబట్టి పిల్లలను మరీ తప్పుపట్టలేం. కానీ కొండ కింద ఊరి బాధ్యత నగరపాలక సంస్థది. 1886లో మున్సిపాలిటీ అయిన ఈ ఊరు 2007లో కార్పొరేషన్ అయింది. కల్యాణి డ్యామ్ నీళ్లయినా, తెలుగుగంగ నీళ్లయినా మన కుళాయిదాకా తెచ్చేది కార్పొరేషనే. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంస్థల కోసం 12వ షెడ్యూల్లో 18 అంశాలు చేర్చింది. వాటిలో వీధి దీపాలు కూడా ఉన్నాయని మేడం చూపించారు.

అది విన్నాక పిల్లలు ఊరుకుంటారా? పార్కు మూలలో ఎన్నాళ్లుగానో ఆరిపోయి ఉన్న లైటు మీద పడ్డారు. మొదట వెళ్లిన ఆఫీసులో "స్తంభం మాదే, లైటు మాది కాదు" అన్నారు. ఆ మాట నిజమే. కరెంటు, స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్‌వి, దీపం కార్పొరేషన్‌ది. తర్వాత వార్డు సచివాలయానికి అర్జీ రాశారు. ఒక పిల్లాడి తాతగారు సాయం చేయబోయి "తమరి దయవల్ల మా బతుకుల్లో వెలుగు నింపగలరని" అని మొదలుపెట్టించారు. మేడం ఆ వాక్యం మొత్తం కొట్టేసి, స్తంభం నంబరు, ఎప్పటి నుంచి వెలగడం లేదు, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఏ దారిన నడుస్తారు, ఈ మూడూ రాయమన్నారు. తేదీ వేయించి, రసీదు కూడా తీసుకోమన్నారు. లైటు వెలిగింది. పెద్దవాళ్లం ఫోన్లు చేసి చేసి వదిలేసిన లైటది.

సమాచార హక్కు పాఠం రోజు "మాకు ఓటే లేదు, మేమడిగితే ఎవురు చెప్తారు మేడం?" అని ఒక అమ్మాయి అడిగింది. 2005 నాటి ఆ చట్టం హక్కు ఇచ్చింది పౌరులకు, ఓటర్లకు కాదు. 2012లో లక్నోలో ఆరో తరగతి అమ్మాయి, గాంధీగారికి జాతిపిత బిరుదు ఎవరిచ్చారో చెప్పమని అర్జీ పెడితే, అధికారికంగా ఇచ్చినట్టు కాగితం ఎక్కడా లేదని జవాబు వచ్చింది. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప వేరే బిరుదులు ప్రభుత్వం ఇవ్వకూడదని రాజ్యాంగంలోని 18వ అధికరణం చెబుతోంది మరి.

ఆధార్ గురించి జరిగిన రగడ మాత్రం ఇళ్లదాకా వచ్చింది. ఆధార్ ఉన్నంత మాత్రాన పౌరసత్వం రుజువు కాదని 2016 చట్టంలోనే ఉందని పిల్లలు చెబితే తల్లిదండ్రులు నమ్మక, మేడం ఇంటికే వచ్చి అడిగారు. పౌరసత్వం తేల్చేది రాజ్యాంగంలోని 5 నుంచి 11 దాకా ఉన్న అధికరణాలు, 1955 పౌరసత్వ చట్టం. ప్రాథమిక విధుల పాఠం కాస్త చప్పగా సాగింది. రాజ్యాంగం 51ఎ అధికరణంలోని పదకొండూ ఒక్కరోజే చెప్పేయడం మంచిది కాదని మా అభిప్రాయం.

ఏడాది చివర ఉత్తుత్తి ఎన్నిక పెట్టాం. షటిల్ సామాన్లా, క్యారమ్ బోర్డా అన్నది పోటీ. నోటా కూడా ఉంది. అట్టపెట్టె చాటున ఓటు వేయాలి, ఎడమచేతి చూపుడు వేలికి సిరా. ఒక పిల్లాడు తన చీటీ స్నేహితుడికి చూపించాడు. రహస్యం బయటపెడితే ఓటు చెల్లదని మేడం రద్దు చేశారు. వాడు ఏడ్చాడు, వాళ్ల అవ్వ వచ్చి "బిడ్డ ఓటు తీసేస్తారా?" అని గొడవ పెట్టుకుంది. మేడం మాత్రం దిగిరాలేదు.

ఆ సాయంత్రం ఒకడు మమ్మల్ని అడిగాడు: "మీ సంఘంలో ఓట్లు ఎప్పుడేస్తారు సార్?" ఏళ్ల తరబడి మన కార్యవర్గం ఏకగ్రీవమే. నియమావళిలో ఎన్నిక అని రాసి ఉన్నా నామినేషన్ ఫారం ముద్రించిన జాడ లేదు. అందువల్ల ఈసారి సర్వసభ్య సమావేశంలో రహస్య బ్యాలెట్ పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. ఫారాలు కార్యదర్శి దగ్గర దొరుకుతాయి. ఓటుహక్కు చందా బకాయి లేనివారికే. సిరా పూసే పని మాకివ్వండని పిల్లలు అర్జీ పెట్టారు. తేదీ వేసి రసీదు ఇచ్చాం. అభ్యంతరాలుంటే సమావేశానికి ముందే రాతపూర్వకంగా తెలపగలరు.

ఇట్లు,
కార్యదర్శి