జుజురాణా ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాది సమావేశంలో ఏడాదికో పక్షిని ఎంచుకుని దాని గురించి వీలైనంత తెలుసుకుందాం అనుకున్నాం. ఎక్కువ చేతులు లేచింది జుజురాణాకే. పుస్తకాల్లో వెస్టర్న్ ట్రాగోపాన్ అని ఉండేది ఇదే. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకి కులూ కొండల పక్షితో ఏం పని అని అప్పుడే కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఏడాది తిరిగేసరికి మనకు దొరికిన జవాబును ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పక్షి సంగతి. ఇది నెమలి, అడవికోడి కుటుంబానికి చెందింది. మగపక్షి తల నల్లగా, ముఖం ఎర్రగా, గొంతు నీలంగా ఉంటుంది. మెడ కుంకుమ రంగు. నల్లటి ఈకల మీద ఒంటినిండా గుండ్రటి తెల్లచుక్కలు. ఆడపక్షి బూడిద, గోధుమ రంగుల్లో ఉండి పొదల్లో కూర్చుంటే కనిపించదు. లోకంలోని పక్షులన్నీ తలా ఒక ఈక ఇస్తే దేవుడు దీన్ని తయారుచేశాడని హిమాచల్‌లో చెప్పుకుంటారు. 2007 నుంచి ఇది ఆ రాష్ట్ర పక్షి. అంతకుముందు ఆ గౌరవం మోనాల్ అనే మరో కొండ పక్షిది.

పాకిస్తాన్‌లోని కోహిస్తాన్ నుంచి కశ్మీర్, హిమాచల్ మీదుగా ఉత్తరాఖండ్ దాకా సన్నటి పట్టీలాంటి అడవుల్లోనే ఇది ఉంటుంది. ఆ పట్టీ కూడా ముక్కలు ముక్కలుగా ఉంది. వేసవిలో సుమారు 2,400 నుంచి 3,600 మీటర్ల ఎత్తున, ఓక్, ఫర్ చెట్ల కింద రింగాల్ వెదురు దట్టంగా పెరిగే చోట తిరుగుతుంది. చలికాలం మంచు పడితే కొంత కిందికి దిగుతుంది, అంతే. నంది హిల్స్‌కి చలికాలంలో హిమాలయాల నుంచి నీలితల రాక్ థ్రష్ వస్తుంది, మనలో చాలామంది చూశారు. జుజురాణా అలా రాదు. దాని కొండవాలు పోతే అది వెళ్లడానికి ఇంకో చోటు లేదు.

ప్రపంచం మొత్తం మీద ఈ జాతిలో ఎదిగిన పక్షులు 2,500 నుంచి 3,500 దాకా ఉండొచ్చని అంచనా. ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని 'వల్నరబుల్', అంటే ముప్పున్న జాతుల జాబితాలో పెట్టింది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. కులూ జిల్లాలోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ దీనికి పెద్ద ఆసరా. ఆ పార్కుకు 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సిమ్లా జిల్లా సరాహన్‌లో ఈ పక్షిని పెంచి, గుడ్లు పొదిగించే కేంద్రం ఉంది. బోనులో గుడ్లు పెట్టించడం చాలా కష్టమైన ఈ జాతితో వాళ్లు ఏళ్ల తరబడి ఓపిగ్గా సాధించిన పని అది. దానికి చేతులెత్తి మొక్కాలి.

చట్టం ఉంది, పార్కు ఉంది. మరి టెన్షన్ దేనికి? ఏప్రిల్ నుంచి జూన్ దాకా జుజురాణా జతకట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని తిప్పుకునే కాలం. సరిగ్గా ఆ నెలల్లోనే మంచు కరిగి అడవిలోకి జనం వస్తారు. గొర్రెల మందలు పైకెక్కుతాయి, పొదలు మేతకు పోతాయి. మందు మూలికలు, గుచ్చీ పుట్టగొడుగులు ఏరడానికి ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. బెదిరిన పక్షి గుడ్ల మీంచి లేచిపోతుంది. అక్కడివాళ్లను తప్పుపట్టడం ఎవరికీ తగదు. ఏడాదిలో వాళ్ల చేతికి రొక్కం వచ్చే కాలం అది. 1999లో నేషనల్ పార్కు నోటిఫికేషన్ పూర్తయినప్పుడు మేపుకునే, ఏరుకునే హక్కులు పోయిన కుటుంబాలున్నాయి. తర్వాత ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు మన డ్వాక్రా తరహాలో పొదుపు సంఘాలు పెట్టుకుని వర్మీకంపోస్ట్ అమ్ముకున్నారు. నా దృష్టిలో అడవికి ఎన్ని కంచెలు కట్టినా ఆ పొదుపు సంఘాలు చేసినంత మేలు జరగదు.

మన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆ గుచ్చీ ఎక్కడికి వస్తోంది? మన ఊరికే. తేనెపట్టులా గళ్లుగళ్లుగా ఉండే ఆ పుట్టగొడుగుల్ని ఎండబెట్టి, దారానికి దండలా గుచ్చి అమ్ముతారు. ఆగస్టు సమావేశానికి ఒక సభ్యురాలు అలాంటి దండ తెచ్చి బల్ల మీద పెట్టారు. వాళ్లమ్మాయి రిసెప్షన్ మెనూలో గుచ్చీ పులావ్ ఉందట. విషయం విన్నాక ఆవిడే కేటరర్‌తో మాట్లాడి, దాని బదులు మామూలు పుట్టగొడుగుల పులావ్ పెట్టించారు. ఆ పెళ్లికి మనలో చాలామంది వెళ్లాం, ఎవరికీ ఏ లోటూ అనిపించలేదు.

రెండోది వేసవి టూర్లు. పిల్లలకు సెలవులివ్వగానే మనవాళ్లు కులూ, మనాలీ బయల్దేరతారు. జుజురాణాను తప్పకుండా చూపిస్తామని, ఫోన్లో దాని కూత వినిపించి దగ్గరికి రప్పిస్తామని ఒక టూర్ నిర్వాహకుడు మనకు ప్యాకేజీ పంపాడు. వేరే మగపక్షి తన చోటికి వచ్చిందనుకుని అది మేత మాని పరుగెత్తుకొస్తుంది, పొదుగుతున్న చోటు బయటపడుతుంది. కార్యవర్గం ఆ ప్యాకేజీ వద్దని తీర్మానించింది. ఫొటో కావాలని బాధపడ్డ కుర్రాళ్లున్నారు, వాళ్ల ఉత్సాహం నాకు తెలుసు. అయినా ఈ తీర్మానం సరైనదే.

కడప పెద్దాయన ఒకరు "మన కలివికోడి ఉండగా ఇదెందుకు?" అన్నారు. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. దొరికించింది అక్కడ పిట్టలు పట్టే ఒక స్థానికుడే. జుజురాణాకైనా కలివికోడికైనా అడవి పక్కన బతికేవాళ్ల సాయం లేనిదే దిక్కులేదు. వచ్చే ఏడాది పక్షిగా కలివికోడినే పెట్టుకుందామని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది.

మిగతావి: లాల్‌బాగ్, హెసరఘట్ట నడకలు ఎప్పట్లాగే సాగాయి. పిల్లలకు తెలుగులో పక్షుల బొమ్మల పోటీ పెట్టాం, ఎక్కువమంది గీసింది పాలపిట్టనే. జమాఖర్చుల ప్రతి కోశాధికారి దగ్గర ఉంది, అడిగినవారికి ఇస్తారు.

ఈసారి హిమాచల్ ప్రయాణాన్ని మే నెల నుంచి అక్టోబరుకు మార్చాం. పార్కు సరిహద్దు ఊళ్లలో ఇంటివాళ్ల దగ్గరే బస, స్థానిక గైడ్లతోనే నడక. కూతలు వినిపించడం ఉండదు, జుజురాణా కనబడుతుందన్న హామీ అసలే లేదు. ఈ షరతులకు ఇష్టపడేవారు సర్వసభ్య సమావేశంలోపు కార్యదర్శి దగ్గర పేర్లు ఇవ్వగలరు.