పండగ సరుకుకు బిల్లు ఎవరిస్తారు?

సంపాదకుల వారికి నమస్కారం.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నాకు చిన్న మొబైల్ సామాన్ల అంగడి ఉంది. దసరా నుంచి సంక్రాంతి దాకా జరిగే వ్యాపారంతోనే మాకు ఏడాది గడవాలి. అప్పు తెచ్చి, బెంగళూరు వెళ్లి చైనా ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకులు, స్మార్ట్ వాచీలు కొంటాను. నేను కొనేచోట తెల్ల కాగితం మీద లెక్క రాసిస్తారు. బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ వేరే అంటారు.

పోయిన దీపావళికి అలా తెచ్చిన పవర్ బ్యాంకుల్లో ఒకటి ఛార్జింగ్‌లో ఉబ్బిపోయింది. కొన్నాయన ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఆయన దాన్ని తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టినప్పుడు నాకు నోట మాట రాలేదు. డబ్బు వెనక్కిచ్చాను, మిగతా సరుకు అమ్మడం ఆపేశాను. హోల్‌సేలరు మాత్రం ఆ కాగితం చూసి "ఇది మాది కాదు" అన్నాడు.

తర్వాత తెలిసింది, పవర్ బ్యాంకు మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 'ఆర్'తో మొదలయ్యే నంబరు తప్పనిసరి అని. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అసలుదో కాదో తేలుతుంది. పెట్టెపై దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ కూడా ఉండాలి. ఇవన్నీ మాకు ముందే తెలుగులో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

పండగల్లో తనిఖీలు చేయండి, తప్పు లేదు. కానీ అంగళ్లతో ఆపకుండా హోల్‌సేల్ గోడౌన్ల దాకా వెళ్లండి. దసరాకు నెల ముందే అధికారులు మా చిన్న వ్యాపారులను ఒక్క పూట కూర్చోబెట్టి, ఏ సరుకు కొనకూడదో చూపించాలని కోరుతున్నాను.

– ఒక చిన్న వ్యాపారి, అనంతపురం