మా బోటు చేయి మారింది, సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

కొచ్చిలో ఉన్న మా 31 అడుగుల తెరచాప బోటు అమ్మకం పూర్తయింది. డబ్బు ఖాతాలో పడింది, తాళాలు కొత్త ఓనర్ చేతికెళ్లాయి. హైదరాబాద్‌లో కూర్చుని సముద్రం బోటు అమ్ముతున్నామంటే నవ్వినవాళ్లే ఎక్కువ. ఇక్కడ బోటంటే లుంబినీ పార్కు నుంచి బుద్ధుడి దగ్గరికెళ్లే లాంచీయే కదా! నవ్వకుండా దారి చూపినవాళ్లకి ఈ పోస్టు. ఉత్త థాంక్స్ ఎవరికీ పనికిరాదు కాబట్టి, ఎవరు ఏం చెప్పారో కూడా రాస్తున్నాం.

మొదటి దండం సైనిక్‌పురి పెద్దాయనకి. "బోటు తనిఖీకి వచ్చే కొనేవాళ్ల సర్వేయర్ లోపాల్ని ఎలాగూ పట్టుకుంటాడు, ఆయనకంటే ముందు మీరే పట్టుకోండి" అన్నది ఆయనే. లోపం ఉందంటే ధర కొంత తగ్గుతుంది. అది ఎంతవరకు పాకిందో తెలియదంటే మాత్రం అవతలివాళ్లు ఊహించుకున్నంత తగ్గుతుంది. ఇలాంటి బోట్లలో డెక్ (మనం నడిచే పైభాగం) అంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క. రెయిలింగ్ స్తంభాల బోల్టుల పక్క నుంచి నీళ్లు దిగితే ఆ చెక్క లోపలే కుళ్లుతుంది, పైకి ఏమీ కనపడదు. ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తితో జానెడుకి ఒక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ వెళ్లమన్నారు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టే. ఖంగుమంటే బాగున్నట్టు, మొద్దుగా "దబ్" అంటే లోపల పొర విడిపోయినట్టు. శబ్దం మారిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత. మా బోటులో రెండు స్తంభాల చుట్టూ అరచేయంత మేర తేలింది.

రిపేరు కూడా ఆయన చెప్పిన పద్ధతే. బోల్టు తీసి, మేకుని ఎల్ ఆకారంలో వంచి డ్రిల్లుకి బిగించి, పై పొర చెడకుండా లోపలి తడి చెక్కని చుట్టూ గోకెయ్యాలి. ఆరనివ్వాలి. కొచ్చి గాలికి ఇది రోజుల పని కాదు, వారాల పని. వానాకాలంలో అసలు మొదలుపెట్టొద్దు. ఆరాక కింద టేపు వేసి, సిలికా పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీ జిగురుతో నింపి, గట్టిపడ్డాక దాని నడిమధ్య కొత్త రంధ్రం వెయ్యాలి. అప్పుడు ఎప్పుడైనా మళ్లీ లీకైనా నీళ్లు చెక్కకి తగలవు. బోల్టు కింద బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు పట్టీ) వాడాలి, సిలికాన్ వద్దు. సిలికాన్ పూసిన చోట ఆ తర్వాత ఇంకేదీ సరిగ్గా అంటదు. గుర్తుపెట్టిన చోట్లు, తవ్విన చోట్లు, నింపిన చోట్లు అన్నీ తేదీలతో ఫొటోలు తీసి కొనేవాళ్లకి పంపాం. వాళ్ల సర్వేయర్ అక్కడే రెండు దెబ్బలు కొట్టి ముందుకెళ్లిపోయారు.

రాణీగంజ్ లేత్ అన్నకి రెండో దండం. మాది రెండు సిలిండర్ల యాన్మార్ డీజిల్. 3,600 ఆర్పీఎం దాకా వెళ్లాల్సింది 2,800 దగ్గర ఆగిపోయి నల్లపొగ వదిలేది. అన్న ఇంజన్ చూడకుండానే, "ముందు బోటుని నీళ్లలో నెట్టే పంకాకి పట్టిన నత్తగుల్లలు గీకించండి, తర్వాత ఎగ్జాస్ట్ ఎల్బో విప్పండి" అన్నాడు. పంకా శుభ్రమయ్యాక కాస్త మెరుగైంది. ఎల్బో అంటే పొగ బయటికి పోయే వంపు గొట్టం. అది విప్పితే మసి, ఉప్పు కలిసి గడ్డకట్టి, పొగ పోయే దారి పెన్సిల్ దూరేంత మిగిలింది. పొగ, చల్లబరిచే నీళ్లు కలిసేది అక్కడే కాబట్టి ఆ రోగం అక్కడే వస్తుంది. పాతది కొరియర్‌లో తెప్పించి చూపిస్తే అదే కొలతతో కొత్తది చేసిచ్చాడు. 304 స్టీలు చవగ్గా వస్తుందని మేము అడిగితే ఒప్పుకోలేదు, ఉప్పునీళ్లకి గుంటలు పడుతుందని 316తోనే చేశాడు. నీటి పంపు రబ్బరు ఇంపెల్లర్‌లో (నీళ్లు తోసే రెక్కల చక్రం) ఒక రెక్క విరిగి ఉందంటే, "ఆ ముక్క దొరికేదాకా పైపులన్నీ వెతకండి, లేకపోతే రేపు అదే అడ్డం పడుతుంది" అన్నాడు. థర్మోస్టాట్ పక్కన దొరికింది.

అన్నట్టు, చూడటానికి వచ్చేవాళ్ల ముందు ఇంజన్ వేడి చేసి ఉంచకండి. తెలిసినవాళ్లు రాగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూస్తారు. వేడిగా ఉంటే చల్లగా స్టార్ట్ కాదేమోనని అక్కడే అనుమానం పుడుతుంది.

హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకి సెయిలింగ్ నేర్పే అక్కకి. ఆవిడ నడిపేవి చిన్న డింగీ పడవలే, కానీ తెరచాప ఏదైనా తెరచాపే. ఎండకి బట్టకంటే ముందు కుట్టు పోతుందని చెప్పి, గోరుతో దారాన్ని గీకి చూడమన్నారు. తెగితే మళ్లీ కుట్టించాలి. బట్ట బాగుంటే అది చిన్న ఖర్చే. తెరచాప కట్టే పెద్ద స్తంభాన్ని పట్టి ఉంచే స్టీలు తీగలకి చివర నొక్కి బిగించిన ముక్కల్ని భూతద్దంతో చూడమన్నదీ ఆవిడే. ముఖ్యంగా కింది చివరలు, నీళ్లు నిలిచేది అక్కడే కాబట్టి. నిలువు చీలిక కనపడితే ఆ తీగ మార్చాల్సిందే. తీగ పొడవునా దూది రాస్తే తెగిన పోగు దగ్గర పట్టుకుంటుంది. ఇంకో మాట, తీగలు మార్చిన బిల్లు లేకపోతే అవి బోటు పుట్టినప్పటివే అని లెక్కేస్తారు. మా బిల్లు పాత ఫైల్లో దొరికింది కాబట్టి బతికిపోయాం.

క్యాబిన్ కంపుకి మందు చెప్పింది ఈ గ్రూపులోనే ఒక తమ్ముడు. వేడినీళ్లలో తడిపిన గుడ్డ టాయిలెట్ హోస్‌కి చుట్టి, చల్లారాక గుడ్డ వాసన చూడాలి. గుడ్డ కంపు కొడితే హోస్ పనైపోయినట్టే, ఎన్ని అగరబత్తులు వెలిగించినా లాభం లేదు. మాది కొట్టింది. మార్చాం.

కాగితాల విషయంలో అడ్వకేట్ మేడమ్‌కి. బోటు బాడీ మీద చెక్కిన నంబరు, ఇంజన్ సీరియల్ నంబరు స్వయంగా చూసి అమ్మకపు పత్రంలో రాయించారు. దిగుమతి సుంకం కట్టిన కాగితాలు, మెరీనా బకాయి లేదన్న ఉత్తరం జత చేయించారు. బోటుతోపాటు ఏం వెళ్తాయో, ఏం వెళ్లవో విడిగా పట్టిక రాయించి ఇద్దరితోనూ సంతకం పెట్టించారు. చివరి రోజు గొడవలు ఎక్కువ రబ్బరు డింగీ, దాని చిన్న మోటారు దగ్గరే వస్తాయట. ప్రమాదంలో సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ మా పేరు మీదే రిజిస్టర్ అయి ఉందని గుర్తుచేసిందీ ఆవిడే. అది మార్చకపోతే వాళ్లు సముద్రంలో ఆపదలో పడితే ఫోను మా ఇంట్లో మోగుతుంది! బెంగళూరులో ఇస్రో నడిపే కేంద్రానికి వివరాలు పంపించాం. రేడియోలో బోటుని గుర్తుపట్టే, 419తో మొదలయ్యే తొమ్మిదంకెల నంబరు సంగతి కూడా కొత్త ఓనర్‌కి చెప్పాం. కొన్ని సెట్లలో దాన్ని మనంతట మనం మార్చలేం, డీలర్ దగ్గరికి పంపాలి.

మా దగ్గర బ్యూటైల్ టేపు సగం రోలు, కొత్త ఇంపెల్లర్ ఒకటి మిగిలాయి. రెండు సిలిండర్ల యాన్మార్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, ఊరికే ఇస్తాం. పెద్దాయనా, మీ సుత్తి ఇంకా మా దగ్గరే ఉంది, ఆదివారం తెచ్చిస్తాం. సుద్దముక్క మాత్రం అరిగిపోయింది.