విత్తన సంఘం వార్షిక నివేదిక: జహీరాబాద్ ప్రాంత సభ్యులకు

సంఘం అక్కలకు, అన్నలకు నమస్కారం.

మన విత్తనాల గదిలో ఎన్ని పాత పంట రకాలు దాచామో చెప్పుకోవడం తేలిక. వాటిలో ఎన్ని ఈ వానకాలం చేనులో పడ్డాయని కమిటీ ఏడాది పొడుగునా అడుగుతూనే ఉంది. సాగులో లేని విత్తనం గంపలోనే ముసలిదైపోతుంది. కొర్ర, సామ పొట్టుతో ఉంటాయి కాబట్టి కొన్నేళ్లు ఆగుతాయి. కంది, పెసర, బొబ్బర్లు అట్లా ఆగవు. పురుగు పట్టిందంటే గంపంతా పుచ్చే.

అందుకే మిరుగు (మృగశిర కార్తె) కంటే ముందే ప్రతి రకానికీ మొలక పరీక్ష చేశాం. వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెసంచిలో పరిచి చుట్టి, నాలుగైదు రోజులకు విప్పి చూడటం, అంతే. 70 కూడా మొలవని రకాన్ని తీసుకెళ్లేవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పి, ఎక్కువ విత్తనం ఇచ్చాం. పప్పుధాన్యాల గంపలను మళ్లీ పేడ, మట్టితో అలికి, పిడకల బూడిద, ఎండిన వేపాకు కలిపి నింపాం. ఈ పని దాదాపు అంతా అక్కలదే. వాళ్ల చేతిలో ఉన్న చదువు ఏ కాగితం మీదా లేదు. పడుచు సభ్యులు పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

ఎక్కువ టెన్షన్ పెట్టింది సజ్జ. దాని పుప్పొడి గాలికి పోతుంది. పక్క చేనులో హైబ్రిడ్ సజ్జ ఒకేసారి పూతకొస్తే మన రకం కలిసిపోతుంది. దూరంగా వేసే వీలు లేనివాళ్లం విత్తే రోజులు మార్చుకున్నాం. కోతకు ముందే చేను మధ్యకు వెళ్లి, రోగం లేని నిండు కంకులకు దారం కట్టి విత్తనానికి విడిగా తీశాం. గట్టు పక్క కంకులు ముట్టలేదు. జొన్నకూ ఇదే పద్ధతి పాటించాం.

కిలో తీసుకున్నవాళ్లు పంట వచ్చాక రెండు కిలోలు తిరిగి ఇవ్వాలన్న నియమం మారలేదు. ఈ దారి మనకు చూపింది 1983 నుంచి ఇక్కడ పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు. దళిత మహిళలు పడావు భూములు సాగులోకి తెచ్చి, పండిన జొన్నను తమ ఊళ్లోనే రేషన్‌గా పంచుకున్నారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 1996లో రోమ్‌లో ప్రపంచ ఆహార సదస్సు జరిగినప్పుడు వియా కాంపెసినా అనే అంతర్జాతీయ రైతు ఉద్యమంలోని రైతులు ఆహార సార్వభౌమత్వం అన్న మాటను ముందుకు తెచ్చారు. ఏం పండించాలో, ఏం తినాలో ఊరే తేల్చుకోవాలన్నది దాని సారం. మన అక్కలు అదే పని చేసి చూపించారు.

విత్తనం పంచుకుంటే కేసు అవుతుందా అని చాలామంది అడిగారు. కాదు. 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఈ చట్టం కింద నమోదైన రక్షిత రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడం మాత్రం కుదరదు. తన రక్షిత రకం ఆలుగడ్డ వేశారని గుజరాత్ రైతుల మీద వేసిన కేసులను పెప్సికో 2019లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఈ సెక్షన్‌ను తెలుగులో రాయించి గది తలుపు మీద అతికించాం.

తీరని కష్టం ఒకటుంది. కొర్ర, సామ దంచడం. రోకలి పోటు ఆడవాళ్ల నడుము విరుస్తోంది, అందుకే కొందరు ఇళ్లలో వాటిని మానేశారు. పొట్టు తీసే మిషన్ ఊళ్లోకి రాకపోతే విత్తనం మీద మనం ఎంత మాట్లాడినా కంచంలోకి చేరదు. వచ్చే ఏడాది మొదటి ఖర్చు దీనికే పెట్టాలని కమిటీ కోరుతోంది, సభలో తీర్మానం పెడతాం.

రెండోది, ప్రతి రకాన్నీ కనీసం ఇద్దరు, వేర్వేరు చేలలో వేయాలి. ఒకరి పంట పోయినా ఇంకొకరి దగ్గర విత్తనం మిగులుతుంది. పేర్లు ఉగాదిలోపు రాయించండి. బాకీ విత్తనం ఉన్నవాళ్లు బాగా ఎండబెట్టి, రకం పేరు చీటీ మీద రాసి అప్పటికే గదికి చేర్చాలి. జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఏ సభ్యుడైనా, సభ్యురాలైనా అడిగి చూసుకోవచ్చు.