క్రిస్మస్‌కి పాటా, నాటికా, షార్ట్ ఫిల్మూ: ఏది ముందు?

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు వచ్చిందంటే విజయవాడ, గుంటూరు సంఘాల్లో క్రిస్మస్ పనుల మాట మొదలవుతుంది. యూత్ మీటింగులో ఒకరు పాటల ఆల్బమ్ అంటారు, ఒకరు నాటిక అంటారు, ఇంకొకరు పావుగంట షార్ట్ ఫిల్మ్ తీద్దామంటారు. పాస్టరు గారి మనసులో బైబిలు వచనాలతో అచ్చువేసే వాగ్దాన క్యాలెండర్ ఉంటుంది. అన్నీ మంచివే, అన్నిటి వెనకా ప్రార్థన ఉంది కనుక అన్నీ మొదలుపెడతారు. నవంబరు చివరికొచ్చేసరికి పాట మిక్సింగులో, నాటిక మూడో రంగంలో, ఫిల్మ్ ఎడిటింగులో ఆగిపోయి ఉంటాయి. అప్పుడు "ప్రభువు సమయం ఇంకా రాలేదేమో" అంటారు. సంఘాల్లో సంగీతం, నాటకం, వీడియో పనులు చూసేవాళ్లుగా ఈ మాట గురించే రాస్తున్నాం. మన సిద్ధపాటు లేక ఆగిన పనికి ప్రభువు సమయమని పేరు పెడితే, ఆయన నిజంగా ఆగమన్నప్పుడు ఆ సంగతి మనకి తెలియకుండా పోతుంది.

నెహెమ్యా గ్రంథం మొదటి రెండు అధ్యాయాలు ఒకసారి ఈ దృష్టితో చదవమని మనవి. యెరూషలేము ప్రాకారం కూలిపోయి ఉందన్న కబురు పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యాకి కిస్లేవు మాసంలో అందింది. రాజు ముందు నోరు విప్పింది నీసాను మాసంలో. మధ్యలో సుమారు నాలుగు నెలలు ఉపవాసం, ప్రార్థన. అయితే రాజు ఎన్నాళ్లు పడుతుందని అడగ్గానే ఆయన గడువు చెప్పాడు. నది అవతలి అధికారులకు తాకీదులు కావాలన్నాడు, మాను ఇప్పించమని అడవి కాపరి ఆసాపుకు లేఖ అడిగాడు. ఏ ద్వారానికి దూలాలు కావాలో అప్పటికే తెలిసినవాడు అడిగే తీరు అది. ఊరు చేరాక కూడా మూడు రోజులాగి, రాత్రిపూట కొద్దిమందితో వెళ్లి గోడ చూసుకుని, ఆ తర్వాతే పెద్దలకు చెప్పాడు. పని 52 రోజుల్లో పూర్తయింది. కనిపెట్టుకుని ఉన్న కాలం కట్టిన కాలానికి రెట్టింపు. మన దగ్గర మొదటి ఆదివారమే స్టేజి మీద ప్రకటన, మర్నాడు వాట్సాప్‌లో పోస్టర్, ఆ తర్వాత లెక్క.

పాస్టరు గారు సరే అన్నారు కదా అనేవాళ్లు 2 సమూయేలు 7 చూడాలి. దావీదు రాజు దేవునికి మందిరం కట్టే మాట ఎత్తగానే నాతాను ప్రవక్త అంతటివాడు నీకు తోచినట్టు చెయ్యమన్నాడు. ఆ రాత్రే దేవుడు వద్దని చెప్పాడు. అందుకే పెద్దల మొదటి "సరే"కీ ప్రకటనకీ మధ్య కనీసం నాలుగు ఆదివారాలు ఎడం ఉండాలంటాం. ఆ నెలలో భారం, అంటే ఈ పని చేసి తీరాలన్న తపన, చల్లారిపోతే అది ఉత్సాహం అనుకోవాలి. చల్లారకుండా ఇంకా స్పష్టమైతే ముందుకు వెళ్లాలి.

ఆ నెలలో చేయాల్సిన పని ఒకటుంది. ఒక నోటుబుక్కు తీసుకుని ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో పేజీ కేటాయించండి. భారం కలిగిన తేదీ, ఏ వాక్యం దగ్గర కలిగింది, ఇది ఎవరి కోసం, ఎన్ని వారాలు పడుతుంది, డబ్బు ఎంత, దీనికోసం ఏ పని ఆపాలి, ఎవరెవరు చేస్తారు, ఇవన్నీ రాయండి. పేర్లు రాసేటప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. కోరస్‌లో పాడే అమ్మాయే నాటికలో మరియ, ఆదివారం కీబోర్డు వాయించే అబ్బాయే వీడియో ఎడిటరు, వాళ్లిద్దరే డిసెంబరు రాత్రుళ్లు క్యారల్ రౌండ్లలో ముందుండేది. మంచులో తిరిగి బొంగురుపోయిన గొంతుతో రికార్డింగు కుదరదు. మూడు పేజీల్లోనూ అదే పేరు కనిపిస్తే ఈ ఏటికి మీకున్నది ఒక ప్రాజెక్టే. మీ సంఘానికి ప్రభువు ఇప్పుడు ఎంత అప్పగించాడో ఆ పేర్ల వరస చూస్తే అర్థమవుతుంది.

వారాల లెక్క ఎలా వేయాలో పాటతో చెబుతాం, ఎక్కువ తప్పులు అక్కడే కనుక. జీతం తీసుకోకుండా సాయంత్రాలు పనిచేసే బృందానికి ఒక్క పాటకి సుమారు 12 వారాలు పడుతుంది. సాహిత్యం రాసి, వాక్యపరంగా పెద్దలకు చూపించి ఖరారు చేయడానికి రెండు వారాలు. ట్యూను, శ్రుతి, వేగం తేల్చుకోవడానికి ఒకటి. పైలట్ ట్రాకు, అంటే నమూనా రికార్డింగు, చేసి రెండు ఆదివారాలు సంఘంతో పాడించి చూడాలి. ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. ఐదున్నర శ్రుతిలో గాయని గొంతుకి అమర్చిన పాటని సంఘానికిస్తే మగవాళ్లు కింది స్థాయిలో గొణగాలి, లేదా పై స్థాయిలో అరవాలి. ఈ సంగతి స్టూడియోలో తెలియదు, బెంచీల మీద కూర్చున్నవాళ్లు పాడితేనే తెలుస్తుంది. ఫ్లూటు, వయొలిన్ వాయించాక శ్రుతి మార్చాలంటే వాళ్లని మళ్లీ పిలవాల్సిందే. కంప్యూటర్‌లో రెండు మెట్లు కిందికి లాగితే సహజత్వం పోతుంది, డబ్బు మిగిలినా పాట మిగలదు. ఆ తర్వాత ప్రోగ్రామింగు, లైవ్ వాయిద్యాలకు రెండు వారాలు, గాత్రానికి ఒకటి, మిక్సింగు, మాస్టరింగుకు రెండు, వీడియోకి రెండు. డిసెంబరు 1న పాట రావాలంటే సాహిత్యం మీద కూర్చోవడం సెప్టెంబరు మొదటి వారం దాటకూడదు.

నలభై నిమిషాల నాటికకు వారానికి రెండు రిహార్సళ్ల చొప్పున ఎనిమిది వారాలు కావాలి. చివరి రెండూ దుస్తులతో, మైకులతో జరగాలి. స్క్రిప్టు సెప్టెంబరులో ముగించాలి, అక్టోబరు దాటాక కొత్త సీను చేర్చకూడదు. తుమ్మలపల్లి కళాక్షేత్రం గానీ గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరం గానీ కావాలంటే ముందు హాలు తేదీ పట్టుకుని, దాన్నించి వెనక్కి లెక్కించండి. ఆరుబయట పెడితే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగలకి అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వాల్సింది ప్రభుత్వం, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. కార్యక్రమం ఆరున్నరకే మొదలుపెడితే ప్రసంగాన్ని తొక్కిపట్టి ముగించాల్సిన అవసరం రాదు. షార్ట్ ఫిల్మ్ ఈ రెండిటితో పాటు ఒకే సీజన్‌లో పెట్టొద్దు. పది, ఇంటర్ పరీక్షలయ్యాక, వీబీఎస్‌కి (పిల్లల వేసవి బైబిలు పాఠశాలకి) ముందో వెనకో దానికి చోటు చూడండి.

ఇక గుర్తుల సంగతి. ఫలానా తేదీలోపు ఇంత డబ్బు వస్తే ప్రభువు చిత్తమని గొర్రె బొచ్చు మీద మంచు పడాలని గిద్యోను దేవుణ్ని గుర్తు అడిగినట్టు నిబంధన పెట్టుకోవడం మన దగ్గర మామూలైంది. డబ్బు ఒక్కదాన్నే గుర్తుగా పెట్టుకుంటే ధనిక సంఘానికి ప్రతి పనీ దేవుని చిత్తంలాగే కనిపిస్తుంది. చీట్లు వేసేవాళ్లు అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో యూదా స్థానానికి ఒకరిని ఎన్నుకున్న వరస గమనించాలి. ముందు అర్హతలు చెప్పుకున్నారు, ఇద్దరిని నిలబెట్టారు, ప్రార్థించారు, ఆ తర్వాతే చీటి. సిద్ధంగా లేని మూడు ప్రాజెక్టుల పేర్లు రాసి చీటి తీయడం దానికి సమానం కాదు.

తలుపు మూసుకుందా, మనం సిద్ధపడలేదా అన్నది తేల్చుకోవడానికి మేము చెప్పే ప్రశ్న ఇది: ఇదే అడ్డంకి ఏ నెలలోనైనా వచ్చేదేనా? గాయకులకి ముందు చెప్పకపోవడం, శ్రుతి కుదరకపోవడం, డబ్బు చాలకపోవడం ఎప్పుడైనా వచ్చేవే. వాటిని మనమే సరిదిద్దుకోవాలి. అన్నీ అమర్చుకున్నాక, పెద్దలంతా ఒక్కమాట మీద ఉన్నాక, మన చేతిలో లేనిది అడ్డుపడితే అప్పుడు ఆగి వినాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం నీళ్లలో ఉన్నప్పుడు స్టూడియో తేదీ వదులుకుని అన్నం పొట్లాలు కట్టడమే ఆ నెలకి దేవుని పని. అందులో సందేహపడాల్సింది లేదు. ఆగిన పని రద్దయినట్టూ కాదు. పౌలును ఆసియాలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరచిన సంగతి కార్యములు 16లో ఉంది. 19వ అధ్యాయానికొస్తే ఆయన అదే ఆసియాలోని ఎఫెసులో రెండేళ్లు బోధించాడు.

కాబట్టి పక్కన పెట్టే పనిని మళ్లీ ఎత్తుకునేలా పెట్టాలి. సగమైన పాట ఫైళ్లన్నీ స్టూడియో కంప్యూటర్లోనే వదిలేస్తుంటారు. కొన్ని నెలలకి వాళ్లు చోటు కోసం చెరిపేస్తారు, ఆ తర్వాత మైనస్ ట్రాకు (గాత్రం లేని సంగీతం) కావాలన్నా దిక్కుండదు. ఆపిన రోజే ఒక్కో వాయిద్యం, ఒక్కో గొంతు విడివిడి ట్రాకులుగా, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లలో, అన్నీ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా తీసుకుని రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి. ఒకటి చర్చి ఆఫీసులో, ఒకటి వేరే ఇంట్లో. శ్రుతి, వేగం, తాళం ఒక కాగితం మీద రాసి దానితోనే ఉంచండి. కానుకలిచ్చినవాళ్లకి నెలలోపు చెప్పాలి: పని ఆగింది, మీ డబ్బు ఇంత మిగిలింది, వెనక్కి ఇవ్వమంటారా, ఉంచమంటారా అని. ఆల్బమ్‌కిచ్చిన డబ్బు నాటిక సెట్టుకి వాడి తర్వాత సర్దుకుందామనుకోవడం పరిచర్యకి తగదు.

హక్కుల పత్రం కూడా అప్పుడే రాయించుకోవాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సాహిత్యం రాసినవారి హక్కు, ట్యూను కట్టినవారి హక్కు, రికార్డింగు హక్కు వేర్వేరు. రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు, కానీ ఈ మధ్య ఒకరు చేసిన రికార్డింగును వారి అనుమతి లేకుండా వాడకూడదు. ఆరాధనలో పాడుకోవడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. అదే పాటని యూట్యూబ్‌లో పెట్టడానికి ఆ మినహాయింపు వర్తిస్తుందనుకోవద్దు.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెప్పాలి. "ప్రభువు నాతో చెప్పాడు, నువ్వు రావాల్సిందే" అని పరీక్షలున్న పిల్లల్నీ, నైట్ డ్యూటీ చేసే నర్సునీ, చంటిబిడ్డ తల్లినీ రిహార్సలుకి లాగడం అన్యాయం. మోషే కాలంలో ఆరాధన కోసం కట్టిన ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు శిల్పి బెసలేలును పేరు పెట్టి పిలిచాడు, అయితే కానుకలు తెచ్చింది మాత్రం మనసు ప్రేరేపించినవాళ్లు. సరిపడా రాగానే మోషే ఇక తేవద్దని పాళెమంతా చాటించాడు. చాలు అనడం కూడా నాయకుడి పనే. రిహార్సలు ఎనిమిదిన్నరకి ముగించండి. తాడేపల్లి నుంచి, నల్లపాడు నుంచి వచ్చిన ఆడపిల్లలు బస్సు దొరికే వేళకి ఇల్లు చేరాలి.

చివరిగా రెండు నగరాల పాస్టర్స్ ఫెలోషిప్‌లకు ఒక విన్నపం. ఒకే తబలా కళాకారుడు, ఒకే సౌండ్ వాళ్లు పది సంఘాలకు పనిచేస్తున్నారు, అందరూ అడిగేది డిసెంబరులోని అవే శనివారాలు. ఆగస్టు నెలాఖరుకి సెమీ క్రిస్మస్ (పండక్కి ముందే జరిపే క్రిస్మస్ కూడిక), నాటిక, కచేరీ తేదీలన్నీ ఒకే కాగితం మీద రాసి అన్ని సంఘాలకూ పంపితే, ఎవరి తేదీ ఎవరు మార్చుకోవచ్చో సెప్టెంబరులోనే మాట్లాడుకోవచ్చు.

– సంఘ సంగీత, నాటక పరిచర్య కార్యకర్తలు, గుంటూరు