గుంటూరు భూగర్భ డ్రైనేజీ: లెక్కలన్నీ కౌన్సిల్ ముందుకు రావాలి

సంపాదకులు గారికి,

గుంటూరులో మధ్యలో ఆగిన భూగర్భ డ్రైనేజీ పథకం ప్రస్తావన వచ్చినప్పుడల్లా కేంద్రం ఎంత ఇస్తుంది, రాష్ట్రం ఎంత సర్దుతుంది అన్న దగ్గరే మాట ఆగిపోతున్నది. పైపులు వేశాక వాటిని ఏటా నడపడానికి ఎంత అవుతుంది, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు, ఏ పేటకు ముందు, ఏ పేటకు తరువాత అన్నది ఎవరు తేలుస్తారు అనే ప్రశ్నలు చర్చలోకి రావడం లేదు.

రాష్ట్ర విభజన తరువాత రాజధాని ప్రాంతంలోని రెండు నగరాలకు కేంద్రం 1,000 కోట్ల రూపాయలు కేటాయించింది. అందులో 460 కోట్లు విజయవాడ వాననీటి కాలువలకు, 540 కోట్లు గుంటూరు భూగర్భ డ్రైనేజీకి చేరాయి. మన పథకం మొత్తం అంచనా దాదాపు 900 కోట్లు. నగర చరిత్రలో ఇంత పెద్ద పని మరొకటి లేదనుకుంటాను. అయితే, నగరపాలక సంస్థకు 2005లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో తీరిపోగా మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. నిధుల మంజూరు, అంచనాల ఆమోదం, టెండర్లు, వీధుల తవ్వకం అన్నీ ఆ మధ్యకాలంలో, ప్రత్యేకాధికారుల పాలనలోనే జరిగిపోయాయి. అధికారులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇంజనీరుకు పైపుల వాలు లెక్క తెలుస్తుంది కానీ, ఏ సందులో వానకు మురుగు ఎదురుతన్ని ఇళ్లలోకి వస్తుందో, తవ్విన రోడ్డు పూడ్చకపోతే ఎవరి దుకాణం మూతపడుతుందో అక్కడి జనం చేత నిలదీయించుకునే కౌన్సిల్ సభ్యుడికి ఎక్కువ తెలుస్తుంది. అలా నిలదీయడానికి ఆ రోజుల్లో డివిజన్‌కు ఒక్క కార్పొరేటర్ కూడా లేడు. తాగునీటినీ పారిశుద్ధ్యాన్నీ 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంస్థల పరిధిలోకి తెచ్చింది 1992లో అన్న సంగతి గుర్తుచేసుకుంటే ఇది మరింత విడ్డూరంగా కనిపిస్తుంది.

ఇక పై నుంచి వచ్చే నిధుల తీరు చూడండి. నగరాల తాగునీరు, మురుగునీటి పనుల కోసం 2015లో మొదలైన కేంద్ర పథకం అమృత్, ప్రాజెక్టు వ్యయంలో నిర్వహణ ఖర్చును లెక్కలోకి తీసుకోలేదు. 2021లో వచ్చిన రెండో విడతలో లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న నగరాలకు కేంద్రం వాటా మూడో వంతు మాత్రమే. పదిహేనవ ఆర్థిక సంఘం మనలాంటి నగరాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని నీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది, అది మంచిదే. కానీ ఎక్కువ డబ్బు వచ్చేది కట్టడానికి. కట్టినదాన్ని నడపడానికి కావలసింది మాత్రం నగరమే చూసుకోవాలి. పంపింగ్ స్టేషన్ల కరెంటు బిల్లు, శుద్ధి కేంద్రం సిబ్బంది జీతాలు, మ్యాన్‌హోళ్లలో పూడిక తీసే యంత్రాలు, ఇవన్నీ ప్రతి నెలా ఉండే ఖర్చులే.

అన్నిటికన్నా తేలికగా మరచిపోయేది ఇంటి కనెక్షన్. మురుగు పైపులో మట్టి పేరుకోకుండా ఉండాలంటే రోజులో ఒక్కసారైనా ప్రవాహం సెకనుకు 0.6 మీటర్ల వేగం అందుకోవాలని ఇంజనీర్లు లెక్క వేస్తారు. వీధిలో పది ఇళ్లు మాత్రమే పైపుకు కలిసి, మిగిలిన ఇళ్లు సెప్టిక్ ట్యాంకుతోనో సైడు కాలువతోనో సరిపెట్టుకుంటే ఆ వేగం రాదు, ప్రధాన పైపు వాడకముందే పూడుకుపోతుంది. కనెక్షన్ ఖర్చు ఇంటివారిదేనా, పేదవారికి కార్పొరేషన్ పెట్టుకుంటుందా అన్నది టెండరుకు ముందే తేలవలసిన విషయం.

మురుగును, తాగునీటిని వేర్వేరు ఫైళ్లుగా చూడటమూ సరికాదు. కృష్ణ నీరు తక్కెళ్లపాడు శుద్ధి కేంద్రంలో ఎంత బాగా శుద్ధి అయినా, నగరంలో రోజుకు కొద్ది గంటలే నీళ్లు వదులుతారు. వదలని వేళల్లో గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. కుళాయికి మోటారు బిగిస్తే మరీ పడిపోతుంది. అప్పుడు పక్కనే ఉన్న కాలువ మురుగు పగుళ్ల గుండా లోపలికి చేరుతుంది. 2018 మార్చిలో పాత గుంటూరు, ఆనందపేట వైపు అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయిన తరువాత కూడా, ఏ పేటలో తాగునీటి గొట్టం మురుగు కాలువను దాటుతుందో చూపే పటం ప్రజలందరికీ కనబడేలా పెట్టకపోవడం క్షమించరానిది. నా దృష్టిలో భూగర్భ డ్రైనేజీలో మొదటి విడత అటువంటి చోట్లకే దక్కాలి, కొత్తగా లేచే అపార్టుమెంట్ల వైపు కాదు.

పన్ను మాటకొస్తే, 2021 నుంచి ఇంటిపన్ను ఆస్తి మూలధన విలువ, అంటే స్థలం, కట్టడం కలిపిన విలువ ఆధారంగా వేస్తున్నారు, ఏటా పెరుగుదల 15 శాతం మించకూడదన్న హద్దు ఉంది. పన్ను కట్టడానికి జనం సిద్ధంగా లేరనడం అన్యాయం. కట్టినదానిలో డ్రైనేజీకి ఎంత వెళ్లిందో చెప్పకుండా కొత్తగా యూజర్ ఛార్జీ, అంటే వాడకానికి రుసుము అడిగితేనే చిక్కు.

కనుక ప్రభుత్వాన్నీ నగరపాలక సంస్థనూ నేను కోరేది ఇది. మిగిలిన పనులకు టెండరు పిలిచే ముందు సమగ్ర ప్రాజెక్టు నివేదికను తెలుగులో, ఒక్కో డివిజన్‌కు సంబంధించిన పటంతో సహా వార్డు సచివాలయాల్లో నెల రోజులు ఉంచాలి. ఇప్పటికే భూమిలో ఉన్న పైపుల్లో ఎన్ని పనికొస్తాయో తేల్చిన నివేదికను కూడా దానితో జతచేయాలి. వచ్చే పదిహేనేళ్ల నిర్వహణ ఖర్చు, అందులో పన్నుల నుంచి వచ్చేదెంత, ఛార్జీల నుంచి వచ్చేదెంత అన్నది వివరించాకే కౌన్సిల్ తీర్మానం చేయాలి. అది చివరి నిమిషంలో టేబుల్ అజెండాగా వచ్చి చప్పట్ల మధ్య ఆమోదం పొందకూడదు. మూడు లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాలకు రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ చెప్పిన వార్డు కమిటీలు ఆ తీర్మానానికి ముందే కూర్చోవాలి. ఎన్నికైన పాలకవర్గం లేని కాలమైతే, మరమ్మతులు తప్ప ఇటువంటి పెద్ద ఒప్పందమేదీ ప్రత్యేకాధికారి సంతకంతో కుదుర్చుకోకుండా ప్రభుత్వమే ఉత్తర్వు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు,
బ్రాడీపేట, గుంటూరు