నలభై నిమిషాలు చెయ్యి తియ్యని ఆయనకి

మా నాన్నగారు ఇంటికొచ్చేశారు. నిన్న సాయంత్రం ఆరింటికి. ఇప్పుడు వీధి అరుగు మీద మడత మంచం వేయించుకుని, వచ్చేపోయే వాళ్ళందరికీ తన గుండె కథ తనే చెప్పుకుంటున్నారు. నేను ఈ నాలుగు ముక్కలు రాసేసి పడుకుందామని కూర్చున్నాను. అయిదు రాత్రుల నిద్ర బాకీ ఉంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఫోన్లు చేసినవాళ్ళకీ, మెసేజ్‌లు పెట్టినవాళ్ళకీ అందరికీ నమస్కారాలు. విడివిడిగా జవాబివ్వలేకపోయాను. అమ్మ, తమ్ముడు, మా ఆయన ఎంత తిరిగారో నాకు తెలుసు, వాళ్ళకి ఇక్కడ వేరే చెప్పక్కర్లేదు. ఇది రాస్తున్నది ఒక్క మనిషి కోసం. పేరు రాయొద్దన్నారు, రాయను.

మాది రాజోలు దగ్గర పల్లె. పోయిన ఆదివారం రాత్రి భోజనం చేసి చుట్ట వెలిగించబోతూ, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందన్నారు నాన్న. ఒళ్ళంతా చెమటలు. గ్యాసేమోనని సోడా తాగించి అరగంట పాడుచేశాం. మీరు ఆ పని చెయ్యకండి. రాజోలు ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీసి, గడ్డ కరిగే ఇంజెక్షన్ చేసి, రాజమండ్రి తీసుకుపొమ్మన్నారు. పి.గన్నవరం దగ్గర వైనతేయ దాటాం, జొన్నాడ దగ్గర గౌతమి దాటాం. గోదారి పాయల మధ్య పుట్టామని చిన్నప్పటి నుంచీ గొప్పలు చెప్పుకున్నదాన్ని. ఆ రాత్రి అంబులెన్సులో కూర్చుని ఇన్ని నీళ్ళ మధ్య ఎందుకు పుట్టామురా దేవుడా అనుకున్నాను.

రాజమండ్రిలో ఒక ఆసుపత్రి. పేరు రాయను. సోమవారం మధ్యాహ్నం స్టెంటు, అంటే గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం, వేశారు. మామూలుగా ఈ రోజుల్లో మణికట్టు దగ్గర నుంచే గొట్టం పంపుతారట. అలాగయితే పని అయ్యాక గాలి నింపే పట్టీ ఒకటి చుట్టి, కొన్ని గంటలకి మెల్లగా గాలి తీసేస్తారు, మనిషి లేచి కాఫీ తాగొచ్చు. నాన్నకి చేతిలో రక్తనాళం మెలికలు తిరిగి ఉందని తొడ మొదట్లో నుంచి వెళ్ళారు. అక్కడున్నది పెద్ద ధమని. వేసిన గొట్టం లోపలి వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లే. కానీ గుండె కొట్టుకున్నప్పుడల్లా అదే ఒత్తిడితో రక్తం అక్కడికీ వస్తుంది. పంపు నడుస్తుండగా పైపుకి బెజ్జం పడితే ఎలా ఉంటుందో రైతు ఇళ్ళల్లో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆ బెజ్జం మూయడానికి పరికరాలున్నాయి. ఈ సంగతి మాకు అప్పటిదాకా తెలియదు. ఒక రకంలో నాళం లోపల చిన్న లంగరు లాంటిది, బయట కొలాజెన్ బిరడా పెట్టి దారంతో బిగిస్తారు. అదంతా రెండు మూడు నెలల్లో ఒంట్లోనే కరిగిపోతుంది. ఇంకో రకం లోపల నుంచే కుట్టు వేసి ముడి బిగిస్తుంది. నాన్నకి వాడింది ఆ కుట్టు రకం. నాన్నకి ఇరవై ఏళ్ళుగా షుగరు, దానికి తోడు చుట్ట. ధమని గోడకి సున్నం పట్టి గట్టిపడిందట, సూది సరిగ్గా పట్టుకోలేదు, ముడి బిగియలేదు. పరికరం బయటికి తీసేసి చేత్తో నొక్కారు. రక్తం ఆగింది, కట్టు కట్టి వార్డుకి పంపారు. కాలు మడవకూడదు, తల ఎత్తకూడదు అన్నారు. పైన ఒక ఇసుక సంచి పెట్టారు.

రాత్రి ఎనిమిదిన్నరకి నాన్నకి దగ్గొచ్చింది. చుట్ట దగ్గు తెలుసుగా, ఒకసారి పట్టుకుంటే వదలదు. నేను వీపు నిమురుతున్నాను. అమ్మ కేక వేస్తే చూశాను. దుప్పటి ఎర్రబడుతోంది. ముందురోజు రాత్రి గడ్డ కరిగే ఇంజెక్షన్ పడింది, ఒంట్లో రక్తం పల్చబడే మాత్రలున్నాయి. నర్సమ్మాయి ఒక్కతే, ఇరవై ఏళ్ళుంటాయేమో, డాక్టరుగారికి ఫోన్ చేయడానికి పరిగెత్తింది. నా కాళ్ళు కదల్లేదు.

అప్పుడు లిఫ్టు దగ్గర నుంచి ఒకాయన వచ్చారు. భుజానికి సంచి, చేతిలో టిఫిన్ క్యారేజీ. మధ్యాహ్నం నాన్నకి గొట్టం వేసిన గదిలో టెక్నీషియన్. డ్యూటీ అయిపోయి ఇంటికెళ్ళిపోతున్నారు. సంచి అక్కడే నేల మీద పడేసి, క్యారేజీ నా చేతిలో పెట్టి, గ్లౌజులు తొడుక్కుని, కట్టు విప్పి చెయ్యి వేశారు.

కారుతున్న చోట కాదు. దానికి రెండు వేళ్ళంత పైకి. సూది ఏటవాలుగా దిగుతుంది కాబట్టి చర్మం మీద కనిపించే బెజ్జం ఒకచోట, లోపల ధమనికి పడ్డ బెజ్జం ఇంకాస్త పైన ఉంటుందట. పైన గుడ్డ అదిమితే లోపల కారుతూనే ఉంటుంది. ఇదంతా నొక్కుతూనే నాకు చెప్పారు. నా భయం పోవడానికే చెప్పారని ఇప్పుడనిపిస్తోంది. నాన్నతో మాత్రం వేరే మాటలు. "బాబాయ్ గారూ, కొబ్బరి రేటు ఎలా ఉందండి మీవైపు?" అని. నాన్న తల ఎత్తి చెప్పబోతే, "తల ఎత్తితే పొట్ట బిగుస్తుందండి, పడుకునే చెప్పండి, నాకు బాగా వినిపిస్తుంది" అన్నారు.

ఒక చేత్తో తొడ నొక్కుతూ రెండో చెయ్యి పాదం మీద పెట్టి నాడి చూస్తున్నారు. రక్తం బయటికి రాకూడదు, కాలికి వెళ్ళడం మాత్రం ఆగకూడదు, అంతవరకే నొక్కాలట. గట్టిగా అదిమేస్తే అయిపోతుందనుకునేదాన్ని నేను.

మరో సంగతి. నాన్న కూతురి ముందు అలా పడుకోవాల్సి వచ్చినందుకు నలిగిపోతున్నారు. నోటితో అనరు, మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. ఆయన చెయ్యి తియ్యకుండానే, "అక్కా, మీరు తల వైపుకి రండి, బాబాయ్ గారి నుదురు తుడవండి. ఆ పంచె ఇలా కప్పండి" అన్నారు. ఆ పంచె కప్పించాలని ఆ ఆసుపత్రిలో అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

పావుగంట అయ్యాక "ఒకసారి తీసి చూద్దామా?" అన్నాను. "తీసి చూస్తే మళ్ళీ మొదటికొస్తుందండి" అన్నారు. ఇరవై నిమిషాలు. ముప్పై. డాక్టరుగారు వచ్చి చూసి, అలాగే ఉంచమని వెళ్ళారు. నొక్కుతున్న ఆయన నుదుటి చెమట కళ్ళలోకి కారుతుంటే మా తమ్ముడు తువ్వాలుతో తుడిచాడు. ఈ పరికరాలు 1990ల నుంచి వచ్చాయనీ, అంతకుముందు వాళ్ళందరూ చేతులతోనే నొక్కేవాళ్ళనీ అన్నారు. "మా సీనియరుగారి బొటనవేళ్ళు వంకర పోయాయండి, ఆయ్" అని నవ్వారు. నలభై నిమిషాలు గోడ గడియారంలో చూశాను. ఒత్తిడి ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెం తగ్గిస్తూ చెయ్యి తీశారు. ఆగింది.

అప్పుడు నా చేతిలో క్యారేజీ తీసుకుని మూత తీయబోయారు. రాలేదు. వేళ్ళు వణుకుతున్నాయి, పట్టు దొరకట్లేదు. "కాస్త తీసిపెడతారా అక్కా" అన్నారు. తీశాను. పెరుగన్నం, మాగాయ ముక్క. ఆయన నా మొహం చూసి, "మీరు తిన్నారా?" అన్నారు. ఆదివారం రాత్రి నుంచి నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. మూతలో సగం పెట్టి నాకిచ్చారు. స్టెంటు అన్నప్పుడు ఏడవలేదు, రక్తం చూసినప్పుడు ఏడవలేదు. ఆ పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ముందురోజు రాత్రి గన్నవరంలో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన అక్విడక్టు (ఏటి మీదుగా కాలవని దాటించే వంతెన) కనిపిస్తే దండం పెట్టుకున్నాను. వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన తల్లి అని మా నాయనమ్మ చెప్పేది. ఆ దండం ఎవరికి చేరిందో నాకు తెలిసింది.

ఆయన ఊరికి చివరి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆసుపత్రి బెంచీ మీదే పడుకున్నారు. తమ్ముడు డబ్బులివ్వబోతే జేబు మూసుకున్నారు. పొద్దున్నే వచ్చి, తొడ మీద కమిలిన చోటు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీశారు. గీత దాటి నలుపు పాకినా, లోపల గట్టిగా గడ్డలా తగిలినా వెంటనే చెప్పమన్నారు. మర్నాడు డాప్లర్ స్కాన్ తీశారు, ధమని పక్కన రక్తం నిండిన బుడగ లాంటిదేమీ లేదన్నారు. నలుపు కాస్తా పసుపు తిరిగి మోకాలివైపు దిగుతోంది, అది మామూలేనట. ఇంట్లో మళ్ళీ కారితే పడుకోబెట్టి, బెజ్జానికి కాస్త పైన చేత్తో నొక్కి పట్టి 108కి చేయమన్నారు. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా ముందు ఆ చోట అరచెయ్యి పెట్టుకోమన్నారు. నాన్న ఇప్పుడు నవ్వొచ్చినా పెట్టుకుంటున్నారు.

ఇక కడుపులో ఉన్నది కూడా చెప్పేస్తాను. ఆరోగ్యశ్రీ కార్డు మీదే చేశారు, స్టెంటుకి పైసా అడగలేదు. మంచిదే. కానీ ఈ కుట్టు పరికరం ప్యాకేజీలో రాదు, బయట కట్టాలి అని 14,000 కట్టించుకున్నారు. ఎప్పుడు? నాన్న లోపల బల్ల మీద ఉన్నప్పుడు. కాగితం మీద సంతకం పెట్టమంటే అది ఏమిటో, తప్పనిసరో కాదో, లేకపోతే ఏం చేస్తారో అడిగే ధైర్యం ఎవరికుంటుంది? అదేమో పట్టలేదు. డబ్బు తిరిగొస్తుందా అంటే, ప్యాకెట్ తెరిచాక రాదన్నారు. రసీదు తెల్లకాగితం మీద. 2017 ఫిబ్రవరిలో స్టెంట్లకి ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది, మందు పూసిన రకం అప్పుడు 29,600 మించి అమ్మకూడదంది. తొడ బెజ్జం మూసే వస్తువుకి అలాంటి కట్టుబాటు లేదు. గుండెలోకి వెళ్ళేదానికి ధర ఉంది, బయటికి వచ్చే దారికి లేదు. పరికరాన్ని తిట్టట్లేదు. సున్నం పట్టిన నాళాల్లో ఒక్కోసారి పట్టదట, పట్టినవాళ్ళు రెండు మూడు గంటల్లో లేచి తిరుగుతారట. పక్క మంచం ఆయన అలాగే తిరిగాడు. ముందు చెప్పండి, నాళం ఎలా ఉందో చూసి చెప్పండి, రసీదు సరిగ్గా ఇవ్వండి, అంతే నేననేది. నొక్కిన చేతులకి బిల్లులో ఒక్క వరుస కూడా లేదు. ఆయన జీతం ఎంతో తమ్ముడు కనుక్కుని చెప్పాడు, ఇక్కడ రాస్తే ఆయనకే చిన్నతనం.

అయ్యో, రాజోలులో ఈసీజీ తీసిన సిస్టర్‌గారిని మర్చిపోయాను. కాగితం చూడగానే డాక్టరుగారి కోసం పరిగెత్తింది ఆవిడే. 108 డ్రైవరు గారు, దారిలో గతుకు వచ్చినప్పుడల్లా ముందే చెప్పారు. వార్డు ఆయా, రక్తం దుప్పటి అమ్మ కళ్ళ పడకుండా మడిచి పట్టుకెళ్ళింది. పక్కింటి పిన్ని అయిదు రోజులు మా గేదె పాలు తీసింది. తీసిన పాలు మాత్రం ఎక్కడికెళ్ళాయో అడగను, పిన్నీ. సోమవారం తెల్లవారుజామున మెడికల్ షాపు షట్టరు సగం ఎత్తి మందులిచ్చిన అబ్బాయికి కూడా.

ఆ హడావిడిలో ఆయన క్యారేజీ మా సామాన్లలో కలిసి ఇంటికొచ్చేసింది. తోమి ఎండలో పెట్టాను. వచ్చే బుధవారం చెకప్. ఖాళీ క్యారేజీ తిరిగివ్వకూడదని అమ్మ వంటింట్లో సున్నుండలు చుడుతోంది. నాన్నేమో స్నానంలో ఆ పెన్ను గీత మీద సబ్బు పెట్టనివ్వట్లేదు, బుధవారం దాకా ఉండాలి, ఆయనకి చూపించాలి అంటున్నారు.